అసఫ్‌జాహీ వంశము – తెలుగు సీమల పంపకము

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగువారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది: మీరు ఆంధ్రదేశం నుండి ఇక్కడికి ఎప్పుడు వచ్చారు? విజయనగర కాలంలో దక్షిణానికి తరలివచ్చిన కుటుంబాలు ఉన్నమాట నిజమే. కాని ఈ సీమలోని అనేక గ్రామాలలో జనం కదలలేదు, హద్దులు కదిలాయి. ఆ హద్దులను కదిపిన ఇంగ్లీషు కుంఫిణీవారిని గురించి అందరూ ఎరుగుదురు. వారి ఎదుట కూర్చుండి ఒడంబడికల మీద ముద్ర వేసిన రెండవ పక్షాన్ని గురించి పాఠ్యపుస్తకాలు చెప్పేది స్వల్పం. ఆ రెండవ పక్షం మధ్య ఆసియా నుండి వచ్చిన ఒక సైనిక కుటుంబం. మొగలు సామ్రాజ్యంలో సేనానులుగా, రాయబారులుగా ప్రవేశించి, బ్రిటిషు సామ్రాజ్యపు నీడలో రాజులుగా నిలిచి, భారత గణతంత్రంలో సామాన్య పౌరులుగా పరిణమించిన అసఫ్‌జాహీ వంశమది. నడుమ ఒక తరంలో టర్కీ సుల్తానుల ఇంటితో వియ్యమందినది కూడ ఆ వంశమే.

తురుష్క శబ్దం కాకతీయానంతర శాసనాలలోనే కనిపిస్తుంది. తెలుగువారు ఆ మాటను, దాని తద్భవమైన తురక అనే మాటను, మహమ్మదీయులందరికీ వాడారు. అసఫ్‌జాహీల విషయంలో మాత్రం ఆ పేరు దాదాపు సార్థకం. వీరు తురానీలు, అనగా అము దర్యా నదికి ఆవలనున్న దేశంవారు. తమ మూలపురుషుడు తొలి ఖలీఫా అబూబకర్ అని వీరు చెప్పుకొన్నారు. కాని బయలుదేరిన ఊరు సమర్‌ఖండ్ ప్రాంతం. మొగలు ఆస్థానంలో వీరికి అండగా నిలిచిన వర్గం తురానీ వర్గం.

మొదట వచ్చినవాడు ఖ్వాజా ఆబిద్. షాజహాను పాలన చివరి సంవత్సరాలలో మక్కా యాత్రకై బయలుదేరి హిందూదేశం మీదుగా పోతూ మొగలు రాజకుటుంబం దృష్టిలో పడ్డాడు. షాజహాను కుమారుల మధ్య సింహాసనం కొరకు యుద్ధం వచ్చినప్పుడు ఔరంగజేబు పక్షాన నిలిచాడు. తరువాత సుబేదారీలు, ఖిలిచ్ ఖాన్ అనే బిరుదు లభించాయి. 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగిగుండు తగిలి అతని చేయి తెగిపోయింది. వైద్యులు ఎముక ముక్కలను ఏరుతుంటే రెండవ చేతితో కాఫీ త్రాగుతూ నిబ్బరంగా మాట్లాడాడని మొగలు చరిత్రకారులు వ్రాశారు. మూడు దినాలకు మరణించాడు. ఏ కోటను పట్టుకొనే ప్రయత్నంలో తాత ప్రాణం విడిచాడో, ఆ గోల్కొండ రాజ్యాన్నే మనుమడు తన రాజ్యంగా చేసుకొన్నాడు.

ఖ్వాజా ఆబిద్ కుమారుడు ఘాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్. బిజాపురం ముట్టడిలో ఆకలితో అలమటిస్తున్న యువరాజు సేనకు శత్రువుల నడుమ నుండి ధాన్యం చేర్చి పాదుషా మెప్పు పొందాడు. తరువాత మహమ్మారిలో చూపు కోల్పోయి కూడ సేనానాయకత్వం విడువలేదు. 1710లో గుజరాతు సుబేదారుగా కన్నుమూశాడు. ఢిల్లీలో అజ్మీరీ దర్వాజా దగ్గర అతని సమాధి, దానిని ఆనుకొని అతని పేర మదరసా ఉన్నాయి. 1825లో ఢిల్లీ కాలేజీ ఆ ప్రాంగణంలోనే ఆరంభమైంది. యుద్ధాలలో బ్రతుకు గడిపిన మనిషి పేర నేటికీ నిలిచినది ఒక విద్యాలయం కావడం గమనింపదగినది.

ఇతని కుమారుడు మీర్ ఖమరుద్దీన్ 1671లో పుట్టాడు. నిజాముల్ముల్క్ అని, అసఫ్ జా అని చరిత్రలో ప్రసిద్ధుడు. 1713లో దక్కను సుబేదారు అయ్యాడు. 1722లో మహమ్మద్ షా పాదుషాకు వజీరు అయ్యాడు. ఢిల్లీ దర్బారు విలాసాలతో వేగలేక దక్కనుకు మరలి, 1724 అక్టోబరులో శకర్ ఖేడ్లా యుద్ధంలో ముబారిజ్ ఖానుని ఓడించి స్వతంత్రుడైనాడు. స్వతంత్రుడు అంటే పాదుషా పేరు తీసివేసినవాడు కాడు. ఖుత్బాలోను, నాణెం మీదను పాదుషా పేరే ఉండేది. ఇక్కడే ఈ వంశపు అసలు నేర్పు కనిపిస్తుంది. పారసీకంలో కవిత్వం చెప్పిన ఈ సైనికుడు కత్తితో గెలిచినదానికంటె సంధి మాటలతో నిలుపుకొన్నదే ఎక్కువ. 1728లో పాల్ఖేడ్ వద్ద మొదటి బాజీరావు చేతికి చిక్కినప్పుడు చౌత్ ఒప్పుకొని బయటపడ్డాడు. 1739లో నాదిర్ షా కర్నాలు వద్ద మొగలు సేనను చెండాడినప్పుడు, శత్రువు శిబిరానికి వెళ్ళి 50 లక్షల రూపాయలకు తిరుగుముఖం పట్టించేట్లు ఒప్పించినది ఇతడే. తోటి అమీరైన సాదత్ ఖాన్ అసూయకొద్దీ నాదిర్ షాకు మరింత ఆశ చూపకపోతే ఢిల్లీకి ఆ మారణకాండ తప్పి ఉండేదేమో.

ఈ వృద్ధుడు ఆర్కాటుకు రావడం ఈ సీమ చరిత్రలో పెద్ద మలుపు. ఆర్కాటు తిరుత్తణికి నైరుతి దిక్కున ఉన్నది, ఎంతో దూరం లేదు. నాడు తిరుత్తణి క్షేత్రం కార్వేటినగరం బొమ్మరాజుల పాళెంలోనిది. ఆ పాళెగాండ్రు పేష్కష్ చెల్లించినది ఆర్కాటు నవాబుకు. ఆర్కాటు నవాబుకు పైవాడు హైదరాబాదు నిజాము. నిజాముకు పైన పేరుకు ఢిల్లీ పాదుషా. ఒక రైతు చెమట ఎన్ని మెట్లు ఎక్కి పోయేదో దీనిని బట్టి ఊహించవచ్చును. 1742లో నవాబు సఫ్దర్ అలీ వెల్లూరులో హత్యకు గురి కాగా రాజ్యం అల్లకల్లోలమైంది. 1743లో నిజాము మహాసైన్యంతో వచ్చాడు. ఎనభై వేల గుర్రపు దళం, రెండు లక్షల కాల్బలం అని ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు లెక్క చెప్పాడు. అందులో సగం కొట్టివేసినా, ఆ సేన వెళ్ళిన దారిలోని చెరువులూ గడ్డివాములూ ఏమై ఉంటాయో చెప్పనక్కరలేదు.

ఆర్కాటులో జరిగిన ఒక ముచ్చటను కూడ ఆర్మ్ రికార్డు చేశాడు. దర్బారుకు వచ్చిన ప్రతి కిల్లేదారూ, ప్రతి జాగీర్దారూ తాను నవాబునని చెప్పుకొనడం చూచి నిజాము విసిగిపోయాడట. ఒకే నవాబు ఉండవలసిన దేశంలో ఒక్కనాడే పద్దెనిమిదిమంది నవాబులను చూచితినని చెప్పి, ఇకమీదట ఎవడైనా నవాబునంటే కొరడాతో కొట్టుమని చోబుదార్లను ఆజ్ఞాపించాడట. నాటి కర్నాటక సుబా దుస్థితికి ఇంతకంటె మంచి వర్ణన దొరకదు.

తిరుచిరాపల్లిని మురారిరావు నుండి స్వాధీనం చేసుకొని, నిజాము కొత్త నవాబును నియమించాడు. అతడు ప్రయాణానికి సిద్ధమైన నాటి ఉదయమే శవమై కనిపించగా, 1744లో అన్వరుద్దీన్‌ను పంపాడు. ఈ అన్వరుద్దీన్ అంతకుముందు శ్రీకాకుళం సర్కారు ఫౌజుదారుగా ఉన్నవాడు. గోదావరి ఉత్తర తీరమూ, పాలారు తీరమూ ఆనాడు ఒకే అధికారపు గొడుగు క్రింద ఉన్నవనడానికి ఈ బదిలీయే సాక్ష్యం. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, కడప, నెల్లూరు, ఓరుగల్లు, తిరుత్తణి, అన్నీ కనీసం కాగితం మీద ఒకే దక్కను సుబాలోనివి. కాకతీయుల తరువాత తెలుగు జనం ఇంత విస్తారంగా ఒకే పేరు క్రిందికి వచ్చిన సందర్భాలు తక్కువ. ఆ ఏకత్వం ఏర్పరచిన వంశమే దానిని ముక్కలుగా అప్పగించడం తరువాతి కథ.

నిజాముల్ముల్క్ 1748 జూన్ 1న బుర్హాన్‌పురంలో మరణించాడు. వారసులకు విడిచిన మరణశాసనంలో మరాఠాలతో సఖ్యంగా మెలగుమని, అనవసర యుద్ధాలకు పోవద్దని హితవు చెప్పాడు. వారసులు ముందుగా తమలో తామే యుద్ధానికి దిగారు. రెండవ కుమారుడు నాసిర్ జంగ్, దౌహిత్రుడు ముజఫర్ జంగ్ గద్దె కొరకు పోరాడారు. ఒకరి వెనుక ఇంగ్లీషువారు, మరొకరి వెనుక ఫ్రెంచివారు. 1749 ఆగస్టులో ఆంబూరు వద్ద అన్వరుద్దీన్ యుద్ధంలో కూలాడు. 1750 డిసెంబరులో జింజి దగ్గర తన పక్షాన వచ్చిన పఠాను నవాబుల ద్రోహానికి నాసిర్ జంగ్ బలియైనాడు. రెండు నెలలైనా గడిచీ గడవకముందే అదే నవాబులతో రాయచోటి ప్రాంతంలో జరిగిన పోరులో ముజఫర్ జంగ్ కూలాడు. ఈ మామా మేనల్లుళ్ళ వైరంలో ఆర్కాటు సీమ పల్లెలు తగులబడినవి.

తరువాత వచ్చిన సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీ మీద ఆధారపడి, అతని సేన జీతాల నిమిత్తం 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759లో మచిలీపట్నం పతనం తరువాత ఆ ప్రాబల్యం ఇంగ్లీషువారికి మారింది. 1761లో తమ్ముడు నిజాం అలీ ఖాన్ అతనిని తొలగించి బీదరు కోటలో బంధించాడు. తెలుగుదేశపు పటం మీద చెరగని గీతలు గీచినది ఈ నిజాం అలీయే.

మొదటి గీత 1766 నాటిది. అంతకు ముందటేడు క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలం నుండి సర్కారులకు ఫర్మానా సంపాదించాడు. తన సీమను తన్ను అడుగకుండా దానం చేసినందుకు నిజాము కర్నాటకం మీదికి దండెత్తుతానని బెదిరించాడు. మదరాసు కౌన్సిలు జంకి సంధికి వచ్చింది. ఈ మంతనాలలో కాండ్రేగుల జోగిపంతులు అనే తెలుగు దుబాసీ ముఖ్యపాత్ర వహించాడు. ఆ ఏడు నవంబరు 12న కుదిరిన ఒడంబడిక ప్రకారం సర్కారులు కుంఫిణీకి పోయినవి. ప్రతిగా సైనిక సహాయమూ, మొత్తం మీద ఏటా 9 లక్షల రూపాయల పేష్కష్షూ నిజాముకు ఒప్పుకొన్నారు. పాదుషా ఫర్మానాతో ఉచితంగా దొరికినదానికి మరల అద్దె కట్టవలసి రావడం కుంఫిణీవారికి చిన్నతనమే. కాని అద్దె ఇచ్చినవాడు ఇల్లు తిరిగి అడగలేకపోయాడు. 1823లో ఏకమొత్తం చెల్లించి ఆ అద్దెను కూడ నిలిపివేశారు.

రెండవ గీత ఈ సీమకు నేరుగా సంబంధించినది. 1767లో నిజాం అలీ హైదరలీతో కలిసి ఇంగ్లీషువారి మీదికి వచ్చాడు. సెప్టెంబరులో చెంగం, తిరువణ్ణామలై యుద్ధాలలో ఓటమి కలుగగానే హైదరును విడిచి, 1768లో మరొక సంధి చేసుకొన్నాడు. దానితో ఆర్కాటు నవాబు మహమ్మదలీ మీద తన పెత్తనాన్ని వదులుకొన్నాడు. చెన్నపట్టణం చుట్టునున్న చెంగల్పట్టు జాగీరు 1763లోనే నవాబు చేతి నుండి కుంఫిణీకి పోయి ఉండెను. ఇక తిరుత్తణి వంటి సీమలకు హైదరాబాదుతో పేరుకైనా సంబంధం లేకుండా పోయింది. 1781లో ఐర్ కూట్ తిరువళ్ళూరు దగ్గరి తిరుప్పాసూరు కోటను పట్టుకొన్నప్పుడు గాని, అదే సంవత్సరం షోళింగర్ వద్ద హైదరుతో పోరినప్పుడు గాని నిజాము ఈ దిక్కుకు చూడలేదు. 1801లో ఆర్కాటు రాజ్యమే కుంఫిణీ పరమై, తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరింది.

మూడవ గీత 1800 అక్టోబరు 12 నాటిది. 1795లో ఖర్దా వద్ద మరాఠాల చేతిలో పరాభవం పొందిన నిజాము, 1798లో కుంఫిణీ సైన్యాన్ని స్థిరంగా తన ఖర్చుతో పోషించడానికి అంగీకరించాడు. ఆ ఖర్చు క్రింద బళ్ళారి, కడప, అనంతపురం సీమలను అప్పగించాడు. టిప్పు సుల్తాను మీది యుద్ధాలలో వాటాగా తనకు వచ్చి పదేండ్లైనా నిండని భూములవి. దత్తమండలాలని వాటికి పేరు వచ్చింది. సేనానుల వంశం తన సేనను తాను పోషించుకోలేక, పరుల సేన జీతానికి జిల్లాలు ఇచ్చే స్థితికి దిగజారింది. ఆ తరువాత హైదరాబాదులో కత్తి అలంకారమే అయినది. ఖరీతాలు, వకీళ్ళు, రెసిడెంటు గారి కొలువు, ఇవే రాజకీయం.

ఈ విధంగా సర్కారులు, ఆర్కాటు సీమ, దత్తమండలాలు, మిగిలిన తెలంగాణము అని తెలుగు జనం నాలుగు పాళ్ళు అయింది. మూడు పాళ్ళు మదరాసు ప్రభుత్వం క్రింద, ఒక పాలు నిజాము క్రింద. బడిలో ఏ భాష అనే ప్రశ్నకు ఈ రెండు చోట్ల వేరు వేరు జవాబులు వచ్చాయి. హైదరాబాదులో 1884లో పారసీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన తొలి విశ్వవిద్యాలయంగా కీర్తి పొందింది. వైద్యశాస్త్రాన్ని, గణితాన్ని ఇంగ్లీషు లేకుండా నేర్పవచ్చునని నిరూపించిన ఘనత దానిదే. కాని ఆ దేశభాష ప్రజలలో అధిక సంఖ్యాకుల భాష కాదు. తెలుగు పిల్లవాడు ఇంటిలో ఒక భాష, బడిలో వేరొక భాష నేర్వవలసి వచ్చింది. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము, 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన ఆంధ్రమహాసభ, ఈ కొరతకు సమాధానంగా వచ్చినవే.

ఆ ఉస్మాన్ అలీ కాలంలోనే ఈ వంశం మరల తురుష్క దేశంవైపు చూచింది. 1924 మార్చి 3న టర్కీ గణతంత్రం ఖలీఫా పదవిని రద్దు చేసింది. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా రాత్రికి రాత్రి దేశం దాటించారు. ఆయన కుమార్తె దుర్రు షెహ్వార్‌కు అప్పుడు పదేండ్లు. ఫ్రాన్సులోని నీస్ నగరంలో తలదాచుకొన్న ఆ కుటుంబానికి నిజాము నెలకు 300 పౌనుల భృతి ఏర్పాటు చేశాడు. మౌలానా షౌకత్ అలీ సంధానకర్తగా, 1931 నవంబరు 12న నీస్‌లో నిజాము పెద్ద కుమారుడు ఆజం జాకు దుర్రు షెహ్వార్‌తోను, రెండవ కుమారుడు మొఅజ్జం జాకు సుల్తాను వంశపు నీలోఫర్‌తోను వివాహాలు జరిగాయి. సామ్రాజ్యం పోయిన ఇంటికీ, సంపద ఉండి స్వాతంత్ర్యం లేని ఇంటికీ కుదిరిన వియ్యమది. మహమ్మదీయ ప్రపంచంలో నిజాము పేరు దీనివల్ల పెరిగింది. బ్రిటిషువారికి అది కొంత కలవరం కూడ కలిగించింది.

కోడళ్ళు ఇద్దరూ హైదరాబాదుకు మంచి పేరు మిగిల్చిపోయారు. పరిచారిక ఒకతె ప్రసవంలో మరణించడం చూచి కలత చెందిన నీలోఫర్ పట్టుదల వల్లనే స్త్రీలకు, శిశువులకు ఆమె పేర ఆసుపత్రి వెలసింది. దుర్రు షెహ్వార్ పేర పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఉన్నది. ఖలీఫా 1944లో పారిసులో మరణించగా ఆయన దేహాన్ని టర్కీ తన నేలలోకి రానీయలేదు. పదేండ్ల నిరీక్షణ తరువాత మదీనాలో ఖననం చేశారు.

ఆజం జా నిజాము సైన్యానికి అధిపతి. పదవి ఉన్నది గాని, చేయవలసిన యుద్ధం లేదు. యుద్ధం వచ్చినప్పుడు నిలుపగల సైన్యమూ లేదు. 1947లో బ్రిటిషువారు వెళ్ళిపోగా, ఉస్మాన్ అలీ నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకొని కాలయాపనకు పూనుకొన్నాడు. పల్లెలలో రజాకార్ల దౌర్జన్యాలు, దొరలకూ నిజాము పాలనకూ ఎదురునిలిచిన రైతుల సాయుధ పోరాటం ఒకవంక; ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు మోసుకొనిపోయిన ప్రతినిధి వర్గం వేరొకవంక. తాతముత్తాతలను కాపాడిన సంధి నేర్పు ఈసారి పనిచేయలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించాయి. 17న నిజాము లొంగిపోయాడు. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు ఆయనే హైదరాబాదు రాజప్రముఖుడు. మొగలు పాదుషా ప్రతినిధిగా మొదలైన వంశం గణతంత్ర రాష్ట్రపతి ప్రతినిధిగా చివరి అధికారం అనుభవించింది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు పాళ్ళు కలిశాయి. 2014లో తెలంగాణ మరల వేరు రాష్ట్రమైంది. నాలుగవ పాలైన ఆర్కాటు సీమ విషయం జటిలం. చిత్తూరు జిల్లాతోపాటు ఆంధ్రలో చేరిన తిరుత్తణిని మదరాసు రాష్ట్రంలో కలపాలని ఉద్యమం నడిచింది. పటాస్కర్ నిర్ణయం మీదుగా 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మదరాసుకు, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. 1768లో ఒక నిజాము వదులుకొన్న సీమలోనే ఆ సర్దుబాటు జరిగింది. ఇరువైపులా రెండు భాషలవారూ నేటికీ ఉన్నారు. ఈ తిరుత్తణిలోనే 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుండి 1952 వరకు మాస్కోలో భారత రాయబారిగా ఉన్నారు. వంశబలమూ సేనాబలమూ లేకుండ, చదువు చెప్పడమే వృత్తిగా గల మనిషిని గణతంత్రం రాయబారిగా పంపింది. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ మరణించిననాటికి రాష్ట్రపతి ఆయనే.

ఉస్మాన్ అలీ తన కుమారుని కాదని, దుర్రు షెహ్వార్ కుమారుడైన ముకర్రం జాను వారసునిగా నిర్ణయించాడు. 1933లో నీస్‌లో పుట్టి, డూన్ స్కూలులోను, ఇంగ్లండులోను చదివి, సాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ పొందిన ఇతడు కొంతకాలం నెహ్రూకు గౌరవ అంగరక్షకాధికారిగా ఉన్నాడు. 1971లో రాజభరణాలు రద్దు కాగా, అప్పులు, వ్యాజ్యాలు చుట్టుముట్టగా ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల క్షేత్రం కొనుక్కొని వెళ్ళిపోయాడు. తరువాత టర్కీలో స్థిరపడ్డాడు. తల్లిని పదేండ్ల వయసులో వెళ్ళగొట్టిన దేశం కుమారునికి ఆశ్రయమైంది. పాడుపడిన చౌమహల్లా రాజభవనాన్ని బాగుచేయించినది టర్కీ దేశస్థురాలైన ఆయన మొదటి భార్య ఎస్రా.

ఈ వంశపు దౌత్య వ్యవహారాలలో చివరిది 2019లో ముగిసింది. 1948 సెప్టెంబరు 20న, లొంగుబాటు జరిగిన మూడు దినాలకు, లండను బ్యాంకులోని నిజాము ధనం పది లక్షల పౌనులకు పైగా పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు మారింది. వారంలోపే నిజాము తిరిగి అడిగాడు, బ్యాంకు ఇవ్వలేదు. 71 సంవత్సరాలు ఆ సొమ్ము వడ్డీతో పెరిగి మూడున్నర కోట్ల పౌనులైంది. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు పాకిస్తాను వాదాన్ని త్రోసిపుచ్చి, ఆ ధనం నిజాము మనుమలకు, భారత ప్రభుత్వానికి చెందుతుందని తీర్పు చెప్పింది.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబూలులో మరణించాడు. దేహాన్ని విమానంలో హైదరాబాదుకు తెచ్చి, చౌమహల్లాలో ప్రజల దర్శనార్థం ఉంచి, జనవరి 18న మక్కా మసీదులో పూర్వుల సమాధుల సరసన ఖననం చేశారు.